12, 20, 36 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబులు: చాలాకాలం వాడాక

చిన్న వస్తువులను దగ్గరనుంచి పెద్దగా తీయడానికి కెమెరాకూ లెన్సుకూ మధ్య తగిలించే బోలు రింగులివి. ఈ మూడింటిలో గాజు లేదు, అయినా వెలుతురు తగ్గుతుంది. లెన్సు సెన్సారుకు దూరం జరిగేకొద్దీ అదే వెలుతురు మరింత పెద్ద వలయంగా పరుచుకుంటుంది, సెన్సారుకు దక్కే వాటా పలచబడుతుంది. 50 ఎంఎం లెన్సుతో లెక్క సులువు. ఫోకస్ ఇన్ఫినిటీ దగ్గర ఉంచి, ట్యూబు పొడవును 50తో భాగిస్తే మాగ్నిఫికేషన్, అంటే వస్తువు అసలు సైజుకు సెన్సారుమీద దాని బొమ్మ ఎన్ని రెట్లో, వస్తుంది. దానికి ఒకటి కలిపి అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) అంకెతో, అంటే ఎఫ్/8లోని 8తో, గుణిస్తే అసలు పనిచేసే అపర్చర్ తెలుస్తుంది.

20 ట్యూబుకు 0.4 రెట్లు, దాదాపు ఒక స్టాప్ నష్టం (ఒక స్టాప్ అంటే వెలుతురు సగం కావడం). 36కి 0.72 రెట్లు, ఒకటిన్నర స్టాపు. ఆ రెండూ కలిపితే 1.12 రెట్లు, రెండు స్టాపులు దాటిపోతుంది. నేను ఎక్కువగా వాడేది ఈ జంటే. 12 ఒక్కటే పెడితే లాభం తక్కువ, పెద్ద పూలకు సరిపోతుంది.

కెమెరా మీటరు లెన్సులోంచి వచ్చే వెలుతురునే కొలుస్తుంది కాబట్టి అపర్చర్ మనం ఎంచుకుంటే షట్టర్ వేగం కెమెరాయే చూసుకునే అపర్చర్ ప్రయారిటీలో ఎక్స్‌పోజర్ దానంతటదే సరిపోతుంది. అయితే ఈ జంటతో తెరమీద ఎఫ్/8 అనే ఉంటుంది, లోపల పనిచేసేది ఎఫ్/17. ట్యూబు లేకుండా 1/200 సెకను షట్టర్ వేగం వచ్చిన చోట 1/50 కన్నా నెమ్మదిగా పడిపోతుంది. చేత్తో పట్టుకుంటే ఫొటో కదిలిపోయేది అందుకే. మాన్యువల్ ఫ్లాష్‌కూ, చేతి మీటరుకూ ఈ నష్టం తెలియదు. 1/32 పవర్ సరిపోయే దూరంలో ఈ జంట పెడితే 1/8కి పెంచాలి, లేదా ఫ్లాష్‌ను సగం దూరానికి జరపాలి.

మాగ్నిఫికేషన్ అనుమానంగా ఉంటే మిల్లీమీటర్ల స్కేలును ఫొటో తీయండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు వెడల్పు 36 మి.మీ. ఫ్రేములో అడ్డంగా 32 మి.మీ. కనిపిస్తే 36ను 32తో భాగించాలి, 1.12 వస్తుంది. ఫోకస్ రింగు తిప్పితే ఇది కాస్త మారుతుంది, అందుకే కొలవడమే మేలు.

పై సూత్రం అన్ని లెన్సులకూ పనికిరాదు. అపర్చర్ కొంచెం మూసి లెన్సును ముందునుంచి, వెనకనుంచి చూడండి. రంధ్రం రెండువైపులా ఒకే సైజులో కనిపిస్తే లెక్క సరిపోతుంది. వెనకనుంచి చిన్నగా కనిపిస్తే నష్టం ఇంకా ఎక్కువ. చాలా టెలీ లెన్సులు ఈ రకమే.

ఇక అందరూ చేసే పొరపాటు: డెప్త్ (స్పష్టంగా కనిపించే లోతు) చాలట్లేదని ఎఫ్/16కి మూసేయడం. ఈ జంటతో ఎఫ్/8 దగ్గర డెప్త్ 0.8 మి.మీ. ఉంటుంది, ఎఫ్/16లో 1.6 మి.మీ. అవుతుంది. కానీ అసలు అపర్చర్ ఎఫ్/34 అవుతుంది, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల సీతాకోకచిలుక రెక్కమీది పొలుసుల అంచులు మెత్తబడిపోతాయి. నాణెం లాంటి చదునైన వస్తువుకు ఎఫ్/5.6 చాలు. పురుగులకు ఎఫ్/8 దాటకుండా, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది, పదిహేను ఫొటోలు తీసి కలపడమే మంచిది.

లోపాలు రెండు. లోపలి గోడ నిగనిగలాడితే ఫ్రేము మధ్యలో తెల్లటి పొర కడుతుంది, వెలుతురు ఎదురుగా ఉన్నప్పుడు మరీను. నల్ల వెల్వెట్ పేపరు అంటిస్తే పోతుంది. మూడూ కలిపి బరువైన లెన్సు తగిలిస్తే జాయింట్లు వదులై ముందుభాగం వంగుతుంది. చదునైన కాగితం ఒకవైపు మసకగా వస్తే కారణం అదే.

కొనేటప్పుడు కాంటాక్టులు (కెమెరానూ లెన్సునూ కలిపే లోహపు చుక్కలు) ఉన్నవే తీసుకోండి. అవి లేని ట్యూబుతో, అపర్చర్ రింగు లేని లెన్సు చాలావరకు పూర్తిగా తెరిచే ఉండిపోతుంది. ఉన్నవాటిలోనూ అపర్చర్ అంకె తెరమీద మాయమైతే, ఆ బంగారురంగు చుక్కలను పొడి మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ క్లిక్ మనేదాకా తిప్పి బిగించండి.