కాగితపు బహుముఖుల కోసం విజయవాడలో రెండు రోజులు

డిసెంబరు 22న జరిపే జాతీయ గణిత దినోత్సవానికి మా బడిలో పాత పద్ధతి కాగితపు బహుముఖులను, అంటే చదునైన ముఖాలు ఎన్నో ఉన్న ఘనరూపాలను, ప్రదర్శించాలనుకుని, సామగ్రి కోసం నవంబరులో ఒంగోలు నుంచి విజయవాడ వెళ్లాను. 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఘనరూపాలను విప్పి పరచిన వల రూపాలుగా అచ్చువేశాడు. 1570లో లండన్‌లో వెలువడిన యూక్లిడ్ జ్యామితి గ్రంథపు అనువాదంలోనైతే పుటలపై అతికించిన కాగితపు ముక్కలను వేలితో లేపితే ఘనరూపం నిలబడుతుంది. ఈ రెండింటినీ పిల్లల చేతికి అందించాలన్నదే నా కోరిక.

బస్టాండు దగ్గర తీసుకున్న మొదటి గదిలో బల్ల లేదు, ఫ్యానుకు రెగ్యులేటరు పనిచేయదు. మంచం మీద కత్తిరించిన ముక్కలన్నీ ఎగిరిపోయాయి. మర్నాడు అద్దె కొంత ఎక్కువైనా గాంధీనగర్‌లో వెడల్పాటి బల్ల, మంచి దీపం ఉన్న గదికి మారాను. ఈ పనికి వచ్చేవారు గది చూసేటప్పుడు ఏసీ కన్నా ముందు బల్ల ఉందో లేదో అడగాలి.

కాగితానికి మాత్రం వన్‌టౌన్‌కు సాటి లేదు. అక్కడి దుకాణదారు 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు 220 గ్రాముల) అట్టను రెండు వైపులా వంచి చూపించి, "సులువుగా వంగిన వైపే నార ఉంటుంది మాస్టారూ, అటే మడవండి, అడ్డంగా మడిస్తే పగులుతుంది" అన్నారు. పక్కనున్న ప్రెస్సులో క్రీజింగ్ (మడత గీతలు నొక్కడం) అడిగితే, తక్కువ కాపీలని ఒప్పుకోలేదు. చివరకు ఇంకు అయిపోయిన రీఫిల్‌తో, స్కేలు ఆనించి గీతలు నేనే నొక్కుకున్నాను.

పన్నెండు పంచభుజి ముఖాల ద్వాదశముఖి దగ్గర పొద్దు తెలియలేదు. ఒక శీర్షం (మూల) వద్ద 108 డిగ్రీల కోణాలు మూడు చేరితే 324 అవుతాయి. 360కి మిగిలిన 36 డిగ్రీల సందును మూసినప్పుడే అట్ట బల్లను వదిలి పైకి లేస్తుంది. ఇరవై శీర్షాల సందులు కలిపితే సరిగ్గా 720 డిగ్రీలు. ఆరు చతురస్రాల ఘనానికైనా, నాలుగు త్రిభుజాల చతుర్ముఖికైనా మొత్తం అంతే. ఏళ్లుగా చెబుతున్న పాఠమే అయినా, వేళ్ల కింద ఆ సందు మూసుకుంటుంటే ఒళ్లు పులకరించింది.

ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో ఒక పూట తిరిగాను. వల రూపాల పుస్తకం తెలుగులో దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో, అతికించి తెచ్చిన ద్వాదశముఖి బస్సు రద్దీలో ఒక మూల నొక్కుకుపోయింది. ఫైలులో పరచి పెట్టిన మిగతా వల రూపాలు చెక్కుచెదరలేదు; వాటిని బడిలో పిల్లలే మడిచారు.