చెంగ్డూలో మాజాంగ్, షియాంగ్‌చీ కోసం వెళ్లాల్సింది సందులో ఉన్న చిన్న టీ కొట్టుకే

చైనాలో సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూ వెళ్లినవాళ్లు పీపుల్స్ పార్క్‌లోని హెమింగ్ టీహౌస్‌కి ఎలాగూ వెళ్తారు, 1923 నాటిది కదా, చెరువు పక్కన ఆ వెదురు కుర్చీల్లో కూర్చుంటే లేవబుద్ధి కాదు. కానీ మీ ధ్యాస మాజాంగ్ అనే బిళ్లల ఆట మీదో, షియాంగ్‌చీ అనే చైనా చదరంగం మీదో ఉంటే పాత ఇళ్ల మధ్య సందుల్లో ఉండే చిన్న టీ కొట్లు వెతుక్కోండి. నేను కూర్చున్న చోట మూత కప్పులో మల్లె టీ 15 యువాన్లు, ఆ తర్వాత వేడినీళ్లు పోస్తూనే ఉంటారు, సాయంత్రం దాకా ఉన్నా ఎవరూ లేవమనరు.

లోపలన్నీ ఆటోమేటిక్ మాజాంగ్ బల్లలు. ఆట అవగానే బిళ్లలన్నీ మధ్యలో గుంటలోకి తోసేస్తారు, ఈలోపు అడుగున కలిపి పేర్చిన రెండో సెట్ నాలుగు వైపులా గోడల్లా పైకి లేస్తుంది. సిచువాన్ ఆటలో 108 బిళ్లలే, గాలులూ డ్రాగన్లూ అనే బిళ్లలు ఉండవు, ఉన్న మూడు రకాల్లో ఒకటి పూర్తిగా వదిలించుకుంటేనే గెలుపు. ఒకరు గెలిచినా ఆగదు, ముగ్గురు గెలిచేదాకానో బిళ్లలు అయిపోయేదాకానో మిగతావాళ్లు ఆడుతూనే ఉంటారు. భలే స్పీడు! చిన్న చిన్న పందేలు ఉంటాయి, కూర్చునే ముందే ఎంతో అడిగేయండి.

నాకు మాత్రం బయట చెట్టు కింద షియాంగ్‌చీయే ఎక్కువ నచ్చింది. ఆడేది ఇద్దరు, ఆడించేది పదిమంది. ఒక పెద్దాయన ఫిరంగి అనే పావుని తన బంటు మీదుగా దూకించి అవతలి గుర్రం మీద ఠాప్‌మని కొట్టగానే వెనకున్నవాళ్లంతా ఒక్కసారి అరిచారు, ఒకాయనైతే ఆగలేక బోర్డు మీదకే చెయ్యి పెట్టేశాడు. పావులు గళ్లలో కాకుండా గీతలు కలిసేచోట ఉంటాయని, ఏనుగు బోర్డు మధ్యలో నది అనే ఖాళీని దాటదని, గుర్రానికి పక్కనే పావు అడ్డొస్తే అటు కదల్లేదని ఆ పెద్దాయనే వేలితో చూపించి నేర్పారు. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇబ్బందే అనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. లోపల సిగరెట్ పొగ బాగా ఎక్కువ. బల్ల అద్దె గంటల లెక్కన వేరే అని బిల్లు ఇచ్చేదాకా చెప్పలేదు, అది తప్పే. నలుగురు కలిసి వెళ్తే కిటికీ పక్క బల్ల అడగండి, ఒక్కరే అయితే భోజనాలయ్యాక వెళ్లి నేరుగా ఆ చెట్టు కిందే స్టూలు వేసుకోండి.