డయాలసిస్: పట్టణానికి వెళ్లి చేయించుకోవడమా, ఇంట్లోనే చేసుకోవడమా?

కిడ్నీలు రెండూ దాదాపు పనిచేయడం మానేశాయని డాక్టరు చెప్పిన రోజున నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల కుటుంబాలకు సాధారణంగా ఒకే దారి కనిపిస్తుంది: వారానికి రెండు మూడు సార్లు పట్టణానికి వెళ్లి, యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవడం. పొట్టలోకి ద్రవం పంపి ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఇంకొకటి ఉందని చాలామందికి చెప్పేవారే ఉండరు. చెప్పినా, అది డబ్బున్నవారి వ్యవహారమనో, ఇన్ఫెక్షన్ వస్తుందనో ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు. కిడ్నీ మార్పిడికి తగిన రోగికి దానికి మించిన చికిత్స లేదు. జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద 2013 నుంచి అవయవాల కోసం పేరు నమోదు చేయించుకునే ఏర్పాటూ ఉంది. కానీ కిడ్నీ దొరికే దాకా, లేదా మార్పిడికి ఆరోగ్యం సహకరించని వారికి జీవితాంతం, ఈ రెండింటిలో ఒకటి తప్పదు. కాబట్టి ఏది మేలన్న ప్రశ్నను ఎంపికకు ముందే అడగాలి.

మనకు తెలిసిన హీమోడయాలసిస్‌కు మూలం 1943లో నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ తయారుచేసిన యంత్రం. నేటి యంత్రం దానికంటే ఎన్నో రెట్లు తెలివైనదే అయినా సూత్రం మారలేదు: సన్నని పొరకు ఒకవైపు రక్తం, రెండోవైపు శుద్ధిచేసిన నీటితో కలిపిన ద్రవం ప్రవహిస్తాయి, రక్తంలోని మలినాలు పొర దాటి ద్రవంలోకి చేరుతాయి. చేతిలో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా చేసే పద్ధతి 1966లో వెలుగులోకి వచ్చిన తరువాత ఏళ్ల తరబడి సూదులు గుచ్చుకోవడం సాధ్యమైంది. నాలుగు గంటలపాటు నిమిషానికి సుమారు అర లీటరు చొప్పున ద్రవం ప్రవహిస్తుంది కనుక ఒక్కసారి డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్లు అవుతుంది. ఫిల్టర్ ఏ కంపెనీది, యంత్రం ఎంత కొత్తది అని అడిగేవారు ఉంటారు గాని, ఈ 120 లీటర్ల నీరు ఎక్కడిదని అడిగినవారు అరుదు. మన ప్రాంతంలో మొదట అడగవలసింది అదే.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. డయాలసిస్ నీటికి పెట్టిన హద్దు మాత్రం 0.2 మిల్లీగ్రాములే. ఇంత తేడా ఎందుకంటే, ఆరోగ్యవంతుడు వారానికి తాగే నీరు 15 నుంచి 20 లీటర్లు, అందులోని ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి; వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే రోగి రక్తం మాత్రం 360 లీటర్ల నీటితో పలుచని పొర మాత్రమే అడ్డుగా కలిసి ప్రవహిస్తుంది, వచ్చి చేరినదాన్ని బయటికి పంపే కిడ్నీలు అతనికి లేవు. ఇది ఊహించుకున్న భయం కాదు. 1993లో అమెరికాలోని చికాగోలో ఒక డయాలసిస్ కేంద్రంలో నీటిని శుద్ధిచేసే రెసిన్ శక్తి అయిపోయి, అది అప్పటిదాకా పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను తిరిగి నీటిలోకి వదిలింది. 12 మంది అస్వస్థులయ్యారు, ముగ్గురు మరణించారు. నేడు కేంద్రాల్లో ఆర్‌ఓ ప్లాంటు ఫ్లోరైడ్‌ను తీసివేస్తుంది, దాని ముందుండే కార్బన్ ట్యాంకు క్లోరిన్‌ను పట్టుకుంటుంది. సక్రమంగా నిర్వహించిన ప్లాంటు ఉన్నచోట రోగి భయపడనక్కరలేదు. అయితే ఎండాకాలంలో నల్లా నీరు చాలక బోరు నీరో ట్యాంకరు నీరో కలిపినప్పుడు ప్లాంటు మీద భారం మారుతుంది. కార్బన్ ట్యాంకు పరీక్ష రోజూ చేస్తున్నారా, నీటి రసాయన పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు అని టెక్నీషియన్‌ను అడగడం రోగి బంధువుల హక్కే, అందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

ఇక దూరం. దేవరకొండ నుంచి నల్లగొండకు దాదాపు 60 కిలోమీటర్లు. అచ్చంపేట దాటి అమ్రాబాద్ గుట్టల మీది ఊళ్లకూ జిల్లా కేంద్రం దూరమే. నాలుగు గంటల చికిత్సకు ప్రయాణమూ, మంచం ఖాళీ అయ్యే దాకా వేచి ఉండటమూ కలిస్తే ఒక పూర్తి రోజు పోతుంది, వెంట వచ్చే మనిషి కూలి అదనంగా పోతుంది. ఈ భారాన్ని ప్రభుత్వం కొంత తగ్గించిన మాట నిజం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. నేడు ఆ పథకం కింద హీమోడయాలసిస్ ఉచితంగా జరుగుతుంది, 2022 నుంచి డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను వస్తోంది, 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. అయినా దూరానికి అలసిపోయి వారానికి మూడుసార్లు వెళ్లవలసినవారు రెండుసార్లతో సరిపెట్టుకుంటారు, నాట్ల కాలంలో ఒకసారి మానేస్తారు. ఆ ఎడం పెరిగినప్పుడే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావడం, పొటాషియం పెరిగి గుండె లయ తప్పడం జరుగుతాయి. కొబ్బరినీళ్లు, పండ్లు, చిక్కటి చింతపండు పులుసు విషయంలో డాక్టర్లు చేసే హెచ్చరిక అందుకే.

పొట్ట డయాలసిస్‌లో ఈ దూరమూ, ఈ నీరూ రెండూ తప్పుతాయి. మన పేగులను కప్పి ఉంచే పెరిటోనియం పొరే ఇక్కడ ఫిల్టర్. చిన్న ఆపరేషన్‌తో పొట్టలో మెత్తని గొట్టం అమర్చి, గాయం మానడానికి సాధారణంగా రెండు వారాలు ఆగి, ఆపై రోజుకు మూడు నాలుగు సార్లు రెండేసి లీటర్ల ద్రవాన్ని లోపలికి పంపి, కొన్ని గంటలు ఉంచి, బయటికి తీస్తారు. ఇలా ఒక్కోసారి ద్రవం మార్చడానికి అరగంట, ముప్పావు గంట పడుతుంది. కరెంటు అక్కరలేదు, సూదులు లేవు. ద్రవం ఫ్యాక్టరీ నుంచి సీలు వేసి వస్తుంది కనుక ఊరి నీటి చుక్క దానికి తగలదు. మలినాలు రోజంతా కొద్దికొద్దిగా పోతాయి కాబట్టి గుండె బలహీనంగా ఉన్నవారికి బీపీ ఒక్కసారిగా పడిపోయే ఇబ్బంది తక్కువ. కొంతైనా మూత్రం వచ్చేవారిలో ఆ మిగిలిన శక్తి హీమోడయాలసిస్‌లో కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండో లాభాన్ని నేను చాలా పెద్దదిగా చూస్తాను, ఎందుకంటే రోజుకు రెండు గ్లాసుల మూత్రం వస్తే రోగి తాగే నీటికీ తినే తిండికీ కొంత స్వేచ్ఛ మిగులుతుంది.

దీని వెల ఇంట్లో చెల్లించాలి. చేతులు సబ్బుతో కడుక్కోవడం, మాస్కు పెట్టుకోవడం, ఫ్యాను ఆపి తలుపులు మూసుకోవడం, ఆ గదిలోకి కోడినీ మేకపిల్లనూ రానివ్వకపోవడం రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కసారి కూడా తప్పకుండా జరగాలి. ఎక్కడైనా జారితే పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వస్తుంది. బయటికి వచ్చే ద్రవం మబ్బుగా మారినా, పొట్ట నొప్పి మొదలైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లవారేదాకా ఆగడం కాదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక రోగికి ఏడాదికి సగటున 0.4 సార్లకు మించి ఈ ఇన్ఫెక్షన్ రాకూడదంటాయి, అంటే రెండున్నరేళ్లకు ఒకసారి. శిక్షణ సరిగా ఇస్తే ఇది సాధ్యమే. వ్యవసాయ బావిలో, చెరువులో మునిగి స్నానం చేయడం మానుకోవాలి. ద్రవంలో గ్లూకోజు ఉంటుంది కనుక షుగర్ ఉన్నవారి మందుల మోతాదు మార్చవలసి వస్తుంది, బరువూ పెరగవచ్చు. మాంసకృత్తులు రోజూ కొన్ని గ్రాములు ద్రవంతోపాటు పోతాయి కనుక గుడ్లు, పప్పు తగ్గకూడదు. నిల్వ ఇంకో సమస్య: రోజుకు మూడు సంచుల చొప్పున నెలకు 90, అంటే ద్రవమే 180 కిలోలు. మే నెలలో ఎండ 44 డిగ్రీలకు చేరే చోట, రేకుల గదిలో వాటిని పేర్చడం కుదరదు. ఎండ తగలని చల్లని గది ఒకటి వాటికే కేటాయించాలి.

డబ్బు విషయంలో ఒక్క మాట. హీమోడయాలసిస్‌కు పథకాలు ముందే ఉన్నాయి; 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమంలోనూ పొట్ట డయాలసిస్‌కు మార్గదర్శకాలు 2019లో గాని రాలేదు. కాబట్టి గొట్టం వేయించుకునే ముందే, సంచుల ఖర్చు ఎవరిదో, ఊరికి ఎవరు చేరుస్తారో ఆరోగ్యమిత్ర దగ్గర, ఆసుపత్రి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోవాలి. సరఫరా ఒక్క వారం ఆగినా పద్ధతి మొత్తం కూలిపోతుంది. హాంకాంగ్ 1985 నుంచి పొట్ట డయాలసిస్‌కే ముందు చోటు ఇస్తోంది. థాయ్‌లాండ్ 2008లో అదే దారి పట్టి, 2022లో ఎంపికను రోగికే వదిలేసినా, 2025లో మళ్లీ పాత దారికే వచ్చింది. అక్కడ సంచులు ఇంటికి చేర్చే బాధ్యత ప్రభుత్వం తీసుకుంది, మనం గమనించవలసినది అది.

కొత్త సాంకేతికత రెండువైపులా వస్తోంది. హీమోడయాలసిస్‌లో హీమోడయాఫిల్ట్రేషన్ అనే మెరుగైన పద్ధతి వచ్చింది. 2023లో వెలువడిన యూరప్ పరిశోధనలో 1,360 మంది రోగుల్లో ఆ పద్ధతి వారిలో 17.3 శాతం, మామూలు హై ఫ్లక్స్ (పెద్ద రంధ్రాల పొర వాడే) హీమోడయాలసిస్ వారిలో 21.9 శాతం మరణించారు. ఫలితం గట్టిదే. కానీ దానికి అతి శుద్ధమైన నీరు ఇంకా ఎక్కువ కావాలి, వారానికి మూడుసార్లు క్రమం తప్పకుండా రావాలి. రెండుసార్లకే రాలేకపోతున్న రోగికి ఆ యంత్రం వల్ల ఒరిగేది తక్కువ. పొట్ట డయాలసిస్‌లో సైక్లర్ అనే యంత్రం రాత్రి నిద్రలో 8 నుంచి 10 గంటలు ద్రవం మార్పిడులు తానే చేసి, లెక్కలను డాక్టరుకు పంపుతుంది. బడికి వెళ్లే పిల్లలకు, ఉద్యోగస్తులకు అది వరం. రాత్రి కరెంటు నిలకడగా లేని ఊళ్లో చేతితో చేసుకునే పద్ధతే నమ్మకమైనది. గ్లూకోజుకు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం రావడం షుగర్ రోగులకు మేలే, అయితే అది వాడేవారికి కొన్ని రకాల గ్లూకోమీటర్ స్ట్రిప్పులు లేని షుగర్‌ను ఉన్నట్టు చూపిస్తాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికి వస్తుంది కనుక స్ట్రిప్పు రకాన్ని డాక్టరుకు చూపించి తీరాలి.

నా అంచనాలో, కేంద్రం నుంచి గంటకు మించి ప్రయాణం ఉండి, ఇంకా కొంత మూత్రం వస్తూ, ఇంట్లో శుభ్రమైన గదీ, శిక్షణ తీసుకునే ఓపిక ఉన్న మనిషీ ఉన్న రోగికి మొదటి కొన్నేళ్లు పొట్ట డయాలసిస్ మేలు, సరఫరా ఖరారైతేనే. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఉన్నవారికి, ఒంటరిగా ఉంటూ చూపు తగ్గినవారికి, పొట్ట మీద పెద్ద ఆపరేషన్లు పలుమార్లు జరిగినవారికి, హెర్నియా ఉన్నవారికి కేంద్రమే సరైనది. మన జిల్లాల్లో గర్భసంచి తీయించుకున్న మహిళలు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క ఆపరేషన్ వల్లే పొట్ట డయాలసిస్ కుదరదని ముందే అనుకోకుండా సర్జన్‌తో పరీక్ష చేయించుకోవాలి. రక్త పరీక్షలో క్రియాటినిన్ అనే మలినం అంకె ఒక్కటే చూసి తొందరపడటమూ, ఆయాసం వచ్చేదాకా ఆగి రాత్రికి రాత్రి మెడలో గొట్టం వేయించుకోవడమూ రెండూ ఎంపికను లేకుండా చేస్తాయి. కొన్నేళ్లకు పొర బలహీనపడి పొట్ట డయాలసిస్ నుంచి యంత్రానికి మారవలసినవారూ ఉంటారు కనుక, ఏ పద్ధతి ఎంచుకున్నా ఎక్కువగా వాడని చేతిని ఫిస్టులా కోసం కాపాడుకోవాలి; ఆ చేతి మీద సెలైన్లు, రక్త పరీక్ష సూదులు వద్దని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరా, జిల్లా ఆసుపత్రిలోనూ రోగే ముందుగా చెప్పాలి.