బొమ్మరింటి గోడలకు మన ఇంటి ఫోటోలు: ఏళ్ల తరబడి వాడి చూశాక

ముందు తేల్చి చెప్పేస్తాను. కుటుంబం ఫోటోలు చిన్నవి చేసి బొమ్మరింట్లో పెట్టుకోవాలనుకుంటే, గోడ పటాలకు ఫోటో ల్యాబులో తీయించిన ప్రింటు మంచిది. ఆల్బమ్‌లాగా పల్చటి కాగితం కావాల్సిన చోట ఇంట్లో మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో, అంటే రంగు సన్నని పొడిగా కలిసి ఉండే ఇంకుతో తీసిన ప్రింటు మంచిది. నా దగ్గర ఈ రెండూ నిలిచాయి. డై ఇంకుతో, అంటే రంగు పూర్తిగా కరిగిపోయి ఉండే ఇంకుతో తీసినవి వెలిసిపోయాయి. లేజర్ ప్రింటు ఈ పనికి పనికిరాదు. అయితే ప్రింటర్ ఏదైనా సరే, ఫోటోను ఆ చిన్న సైజుకు తగ్గట్టు ముందే సిద్ధం చేసుకోకపోతే తాతయ్య ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ వస్తుంది. అసలు పనంతా అక్కడే ఉంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం కూడా దాని గురించే.

మా బొమ్మరిల్లు 1:12 స్కేలుది. అంటే అసలు ఇంట్లో ఒక అడుగు ఇక్కడ ఒక అంగుళం. మా అమ్మ పుట్టిన మండువా ఇంటిని గుర్తు పెట్టుకుని కట్టుకున్నాం. మా అమ్మాయి చిన్న క్లాసుల్లో ఉండగా మొదలైన పని ఇది, ఇప్పుడు తను ఇంజనీరింగ్ చదువుతోంది. ఏడాదంతా హాల్లో గాజు బీరువాలో ఉంటుంది. దసరాకి బొమ్మల కొలువులోకి వచ్చి, కొండపల్లి బొమ్మలకూ ఏటికొప్పాక లక్క సామానుకూ పక్కన కూర్చుంటుంది. లోపల ఎన్ని వస్తువులున్నా పేరంటానికి వచ్చినవాళ్లు వంగి చూసేది గోడ మీది ఫోటోలనే. అందుకే వాటి మీద ఇంత శ్రద్ధ.

సైజు లెక్క ముందు చూసుకోవాలి. పాత ఇళ్లలో గుమ్మాల పైన వరసగా కట్టే పటాలు ఎక్కువగా 10×12, 12×15 అంగుళాల ఎన్‌లార్జ్‌మెంట్లు. పన్నెండో వంతుకు దించితే 12×15 పటం 25×32 మిల్లీమీటర్లు అవుతుంది, 10×12 పటం 21×25. బల్ల మీద నిలబెట్టే 5×7 ఫోటో సుమారు 11×15. స్టూడియోల్లో మ్యాక్సీ అనే 4×6 ఫోటో 8.5×12.7, అంటే దాదాపు చిటికెన వేలి గోరంత. ఫ్రేము దీనికి అదనం. ముఖాలు బాగా కనపడాలని కొందరు రెండంగుళాల ఫోటో పెట్టేస్తారు. ఆ ఇంటి లెక్కలో అది రెండడుగుల పటం! దాని పక్కన కుర్చీ, మంచం, తలుపు అన్నీ తేలిపోతాయి. మిగతా అన్నిట్లో సర్దుకోవచ్చు గానీ కొలతలో మాత్రం రాజీ పడొద్దని నా అభిప్రాయం.

ఇంత చిన్న చోట ఎంత పడుతుందో కూడా లెక్క కట్టుకోవచ్చు. ల్యాబ్ యంత్రాలు సాధారణంగా అంగుళానికి 300 పిక్సెళ్ల దగ్గర ప్రింట్ చేస్తాయి. 25 మిల్లీమీటర్ల వెడల్పు పటంలో నడుము దాకా ఒక్క మనిషే ఉంటే ముఖం 6 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, అంటే 70 పిక్సెళ్లు. కళ్లు, మీసం, బొట్టు అన్నీ తెలుస్తాయి. అదే పెళ్లి గ్రూప్ ఫోటోలో ముఖం 1.3 మిల్లీమీటర్లు వస్తే దక్కేది 15 పిక్సెళ్లే. అందులో మనిషిని పోల్చుకోవడం కష్టం. కాబట్టి ఇరవై మంది ఉన్న ఫోటో ఎంత ఇష్టమైనదైనా అందులోంచి నలుగురైదుగురిని కత్తిరించి తీసుకోవడమే నయం. మొత్తం గ్రూపే కావాలంటే అది గోడకు అలంకారంగా ఉంటుంది, అంతవరకే ఆశించాలి.

స్కానింగ్ గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. చిన్నది చేస్తున్నాం కనక 4×6 ఫోటోని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసినా మిగిలిపోయేంత వివరం ఉంటుంది. గ్రూపులోంచి ఒక ముఖాన్ని తీయాలంటే మాత్రం 600 గానీ 1200 గానీ పెట్టాలి. అద్దం వెనకున్న పటాన్ని విప్పడం భయమైతే, నీడలో నిలబెట్టి ఫోన్‌తో తిన్నగా తీసిన ఫోటో కూడా చాలు.

ఇక సిద్ధం చేయడం. ఫోటో చిన్నదయ్యేకొద్దీ నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పాత స్టూడియో ఫోటోల్లో నల్లకోటు, నల్లజుట్టు, వెనక ముదురు తెర ఉంటాయి. పెద్ద పటంలో వీటి మధ్య తేడా తెలుస్తుంది. అంగుళం పటంలో మూడూ ఒకే నలుపు. అందుకని నేను మొదట జుట్టు చుట్టూ, భుజాల చుట్టూ వెనకభాగాన్ని కొంచెం తేలిక చేస్తాను. తర్వాత ముఖంలో మధ్యస్థంగా ఉన్న ఛాయల్ని కాస్త పైకి లాగుతాను. ఆ తర్వాతే అసలు కొలతకు దించుతాను. పదును పెట్టడం అన్నిటికన్నా చివర, కొలతకు దించాకే చేయాలి. ముందే పెడితే దించేటప్పుడు అది పోతుంది. ఫోటోలు దిద్దే గింప్ అనే ప్రోగ్రాములో, పదును పెట్టే అన్‌షార్ప్ మాస్క్ వ్యాసార్థం అర పిక్సెల్ దగ్గర ఉంచితే చాలు. ఎక్కువైతే ముఖం చుట్టూ తెల్లగీత వస్తుంది.

ఏది ఉంచాలి, ఏది వదలాలి అనేది ఇందులో పెద్ద ఆలోచన. ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా 1:12 స్కేలుదే. ఆర్కిటెక్ట్ ఎడ్విన్ లట్యెన్స్ నమూనా ఇవ్వగా 1921 నుంచి 1924 దాకా కట్టారు. దాని గోడలకు ఆ కాలపు చిత్రకారులు బొమ్మలను ఆ చిన్న కొలతలోనే గీసి ఇచ్చారు. చిన్న బొమ్మ గీసే మనిషి ప్రతి గీత గురించి, ఇది కనపడుతుందా లేదా అని ముందే తేల్చుకుంటాడు. మనం ఫోటోకి చేయాల్సిందీ అదే పని. మా ముత్తాతగారి ఫోటోలో వెనక తెర మీద గీసిన స్తంభాలూ తోటా పూర్తిగా చెరిపేశాను. తలపాగా, ఉత్తరీయం, చేతికర్ర మిగిలాయి. అవి కనపడితే చాలు, ఆయనే.

నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ప్రింట్ కత్తిరించాక ఏమీ చెప్పకుండా మా అమ్మ చేతికిస్తాను. కళ్లజోడు పెట్టుకుని "ఇది మా పెద్దన్నయ్య కాదటే?" అంటే ఆ ఫోటో గోడెక్కుతుంది. "ఎవరే వీళ్లు?" అంటే మళ్లీ కంప్యూటర్ ముందుకే. అమ్మ ముక్కూ మొహం చూసి పోల్చదు. భుజం ఎటు వాలింది, పంచె కట్టు ఎలా ఉంది, పాపిట ఎక్కడ తీశారు అన్నవాటితోనే ఇట్టే చెప్పేస్తుంది. అది గమనించాక నేను ముఖం కన్నా ఆకారపు అంచుల మీదే ఎక్కువసేపు పనిచేస్తున్నాను. ఫలితం చాలా మెరుగైంది.

ప్రింటింగ్ పద్ధతుల్లో మొదట వాడింది ఇంట్లో ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్, డై ఇంకుతో. తీసిన రోజు చాలా అందంగా ఉంటుంది. గ్లాసీ కాగితం మీద రంగులు మెరిసిపోతాయి. రెండు వేసవులు తిరిగేసరికి కిటికీ వైపున్న పటాల్లో నీలం వెలిసిపోయి ముఖాలు నారింజ రంగుకు తిరిగాయి. బీరువాలో లోపలి గదిలో ఉన్నవి కొంచెం నయం, కానీ అవీ పాలిపోయాయి. డై ఇంకుకు తడి అంటే కూడా పడదు. ఫెవికాల్ లాంటి నీటి జిగురు రాస్తే వెనకనుంచి తడి ఎక్కి అంచుల్లో రంగు పాకుతుంది. గ్లూ స్టిక్ గానీ రెండువైపులా అంటుకునే టేపు గానీ వాడాలి.

పిగ్మెంట్ ఇంకు వాడే ప్రింటరుతో మ్యాట్ కాగితం మీద తీసినవి ఇప్పటికీ పెట్టిన రోజులాగే ఉన్నాయి. రంగులు మొదట్లోనే కొంచెం నెమ్మదిగా ఉంటాయి, పాత ఫోటోలకు అది నప్పుతుంది. నలుపు తెలుపు ఫోటోల్లో ఒక చిక్కుంది. ప్రింటరు రంగు ఇంకులన్నీ కలిపి బూడిదరంగు చేస్తుంది కనక కొన్ని దీపాల కింద ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. నల్ల ఇంకు మాత్రమే వాడమని చెబితే చుక్కలు చుక్కలుగా పడి ముఖం గరుకవుతుంది. దీనికి నేను కనుక్కున్న దారి, ఫోటోకి ముందే కొంచెం గోధుమ ఛాయ ఇచ్చేయడం. అప్పుడు ఆ తేడా కనపడదు, పటానికి వయసు కూడా వస్తుంది. ఇంక్‌జెట్ ఏదైనా మన ఎండల్లో వాడకుండా వదిలేస్తే నాజిళ్లు (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) ఎండిపోతాయి. వారానికోసారి ఏదో ఒక రంగుల కాగితం ప్రింట్ చేస్తూ ఉండాలి. చిన్న ఫోటోల కోసమే ప్రింటర్ కొనొద్దనడానికి ఇదే పెద్ద కారణం.

డై సబ్లిమేషన్ అనే చిన్న ఫోటో ప్రింటరు మా మరిది దగ్గరుంది. పోస్టుకార్డు సైజు కాగితం, 300 డీపీఐ, పైన రక్షణ పొర. చుక్కలు ఉండవు, తడి చేతులతో ముట్టుకున్నా ఏమీ కాదు. కానీ వేడితో రంగు ఎక్కించే పద్ధతి కనక సన్నని గీతలు కొంచెం మెత్తబడతాయి. పెద్ద ఫోటోకి అది తెలియదు, మన సైజులో తెలుస్తుంది. పై మెరుపు కూడా ఎక్కువ. పిల్లల రంగుల ఫోటోలకు వాడాను, బాగానే ఉన్నాయి. లేజర్ ప్రింటు సంగతి ఒక్క మాటలో చెబుతాను. టోనర్ (లేజర్ ప్రింటరు వాడే రంగు పొడి) చుక్కల వల మధ్య ముఖం చిక్కుకుపోతుంది. పేపరు, క్యాలెండరు, పంచాంగం లాంటి అక్షరాల సామానుకు వాడుకోవచ్చు.

ల్యాబ్ ప్రింటు నాకు అన్నిటికన్నా నచ్చింది. 1800×1200 పిక్సెళ్ల ఖాళీ షీటు తీసుకుని దాంట్లో చిన్న ఫోటోలన్నీ వరసగా అమర్చి ఒకే 4×6 ఫోటోగా ఇచ్చేస్తాను. ఒక్క ప్రింటు ధరకు ఇంటి గోడలన్నీ నిండుతాయి. ఫోటో కాగితం మీద వెలుగుతో తీసే అసలు ప్రింటు కావడంతో ముఖాల్లో ఛాయలు నునుపుగా వస్తాయి. రెండు జాగ్రత్తలున్నాయి. అంచుల్లో మూడు మిల్లీమీటర్లు కోతలో పోతాయి కనక అక్కడ ఏమీ పెట్టకూడదు. ఇచ్చేటప్పుడే "కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు తీయండి" అని చెప్పాలి. యంత్రం దానంతటది వెలుగు సరిచేస్తే మనం పడ్డ కష్టం పోతుంది. ఒక చోట అలాగే చేసిచ్చారు, తాతమ్మల ముఖాలన్నీ సున్నం పూసినట్టు వచ్చాయి. షీటు ఖాళీ భాగాన్ని తెల్లగా వదలకుండా మధ్యస్థపు బూడిదరంగు నింపితే ఈ బాధ తగ్గుతుంది.

ఇంట్లో తీసేవాళ్లకు కొలత విషయంలో ఇంకో మాట. వర్డ్‌లో ఫోటో పెట్టి సైజు కొడితే మామూలు సెట్టింగులో సేవ్ చేసేటప్పుడు 220 పీపీఐకి (అంగుళానికి 220 పిక్సెళ్లకు) కుదించేస్తుంది. ఆప్షన్స్‌లో ఆ కుదింపు ఆపేయాలి. వర్డ్‌లాంటిదే అయిన లిబ్రెఆఫీస్ పీడీఎఫ్ చేసేటప్పుడూ ఇలాంటి కుదింపే ఉంటుంది. ప్రింట్ కొట్టేటప్పుడు 'ఫిట్ టు పేజ్' తీసేసి అసలు సైజు పెట్టాలి. షీటు మూలలో సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచుకుంటే, ప్రింట్ వచ్చాక స్కేలు పెట్టి చూసి నిమిషంలో తేల్చుకోవచ్చు.

కాగితం మందం గురించి ఎవరూ చెప్పరు. మామూలు ఫోటో కాగితం పావు మిల్లీమీటరు ఉంటుంది. పన్నెండు రెట్లు చేస్తే అది మూడు మిల్లీమీటర్ల అట్ట! ఫ్రేములో దాగే పటానికి పర్వాలేదు, బల్ల మీద పడేసినట్టు పెట్టే ఫోటోకి తప్పు. ల్యాబ్ ప్రింటు మూలను గోటితో చీల్చితే పై పొర కాగితం నుంచి విడిపోతుంది. నెమ్మదిగా ఒలిస్తే పల్చటి ఫోటో చేతికొస్తుంది. కొత్త బ్లేడుతో స్టీలు స్కేలు ఆనించి కోసి, తెల్లగా కనపడే అంచుకు గోధుమరంగు పెన్సిల్ రాయాలి. ఈ చిన్న పని చేయకపోతే ఎంత మంచి ప్రింటైనా కత్తిరించిన కాగితంలాగే ఉంటుంది.

ఫ్రేములకు అగ్గిపుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు చీల్చినవి, పెళ్లి కార్డుల బంగారు అంచులు వాడాను. అద్దం బదులు చొక్కా డబ్బా మీది పారదర్శకపు ప్లాస్టిక్ చాలు. అసలు అద్దం చాలా మందం. అన్నిటికన్నా ముఖ్యం వాలు. మన పాత ఇళ్లలో పటాలు గోడకు అతుక్కుని ఉండవు, పైభాగం ముందుకు వాలి ఉంటుంది. వెనక పిచ్చుకలు గూళ్లు పెట్టేది ఆ సందులోనే. ఫ్రేము పైఅంచు వెనక చిన్న పుల్లముక్క అంటించి కింది అంచు గోడకు ఆనించండి, అంతే, ఆ గది మన ఊరి గది అవుతుంది. పోయినవాళ్ల పటాలకు గంధపు చెక్క దండ కావాలి. లేత గోధుమరంగు కుట్టు దారాన్ని వరసగా ముడులు వేస్తే వస్తుంది. బొట్టు గుండుసూది మొనతో ప్లాస్టిక్ మీద పెట్టాలి. ఫోటో మీద పెడితే ఆ ఎరుపు కాగితంలోకి దిగుతుంది.

ఇప్పుడు ఆల్బమ్ కడుతున్నాను. నల్ల కాగితం పేజీలు, వాటి మధ్య పాత ఆల్బమ్‌ల్లో ఉండే సాలెగూడు కాగితానికి బదులు బటర్ పేపర్. 1980ల రంగు ఫోటోలు అసలువే ఎర్రబడిపోయి ఉన్నాయి. ఒక్కో రంగు ఛానెల్‌కీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విడిగా లెవెల్స్ (వెలుగు, నీడల హద్దులు) సరిచేస్తే చాలావరకు తేరుకుంటున్నాయి. తేరుకోనివాటిని రంగు తీసేసి గోధుమ ఛాయలోకి మారుస్తున్నాను. వీటికి 100 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 100 గ్రాములు) దగ్గర మ్యాట్ కోటింగ్ కాగితం, పిగ్మెంట్ ఇంకు. ఈ మందంలో పేజీలు వంగుతాయి, ఆల్బమ్ మూసుకుంటుంది. ల్యాబ్ ప్రింటు ఒలిచి పెట్టి కూడా చూశాను గానీ అది చుట్టుకుపోయి పేజీని పైకి లేపుతోంది.