పాత పుస్తకం వెంట పడడమా, కొత్తది రాయడమా: ఏది మేలు?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నవాళ్లకి మొదటి నెల బాగానే గడుస్తుంది. బంధువులు, స్నేహితులు కొంటారు. ఆ తర్వాత అమ్మకాల పేజీ ఎప్పుడు తెరిచినా సున్నా. అప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. ఆ పుస్తకాన్నే ఎలాగైనా జనంలోకి తీసుకెళ్లాలని దాని వెంటే ఉండడం ఒకటి, దాన్ని దాని మానాన వదిలి కొత్తది మొదలుపెట్టడం ఇంకొకటి. రాయాలన్న ఉత్సాహం చావకుండా ఉండాలంటే రెండోదే మేలని నా నమ్మకం.

ప్రచారం అక్కర్లేదని కాదు. పుస్తకం ఉందని తెలియనివాళ్లు ఎలా కొంటారు? ఫోన్‌లో చిన్నగా కనిపించే ముఖచిత్రం మీద పేరు చదవడానికి వస్తోందా? పరిచయ వాక్యాలు కథేమిటో చెబుతున్నాయా? మొదటి పేజీల్లో అచ్చుతప్పులున్నాయా? ఇవి సరిచూసుకోవాల్సిందే. ఈ-బుక్ అయితే ఫైలు దిద్ది మళ్లీ ఎక్కించొచ్చు కూడా. ఏదైనా పని నేర్పే పుస్తకమైతే, అది అవసరమైనవాళ్ల దాకా చేర్చడానికి ఇంకాస్త ఎక్కువ కాలం పెట్టినా నష్టం లేదు. కథలకీ కవితలకీ మాత్రం రెండు మూడు వారాలు చాలు.

చిక్కంతా ఆ తర్వాతే. చేయాల్సింది అయిపోయినా చూపు అమ్మకాల ర్యాంకు మీదే ఉండిపోతుంది. నేను నిద్ర లేవగానే అదే చూసేదాన్ని. అమెజాన్‌లో తక్కువగా అమ్ముడయ్యే పుస్తకాల ర్యాంకుకి నిలకడ ఉండదు. ఒక్క కాపీ పోతే అమాంతం పైకెళ్తుంది, ఇంకెవరూ కొనకపోతే మళ్లీ జారిపోతుంది. ఆ అంకెకీ మన రాతలోని మంచిచెడ్డలకీ సంబంధం లేదు. అయినా అది చూశాక ఆ పూట ఒక్క వాక్యం ముందుకు సాగదు. ఎవరు కొంటారన్నది మన చేతిలో లేదు. ఇవాళ రెండు పేజీలు రాయడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈ విషయంలో నాకు ధైర్యమిచ్చేది ఇంగ్లండు రచయిత్రులైన బ్రాంటీ అక్కచెల్లెళ్లు. షార్లెట్, ఎమిలీ, ఆన్ 1846లో మారుపేర్లతో, సొంత డబ్బుతో కవితల సంపుటి వేయించుకున్నారు. ఏడాదికి అమ్ముడైనవి రెండే రెండు కాపీలు. మిగిలినవాటిలో కొన్నిటిని పేరున్న కవులకు పంపారు, అంతే. అప్పటికే ముగ్గురూ నవలలు రాసి ఉన్నారు. 1847లో 'జేన్ ఐర్', 'వుదరింగ్ హైట్స్', 'ఆగ్నెస్ గ్రే' వచ్చాయి. 'జేన్ ఐర్'కి పేరొచ్చాక దాని ప్రచురణకర్తలే ఆ మిగిలిపోయిన కవితల ప్రతులు కొని 1848లో మళ్లీ విడుదల చేశారు. పాత పుస్తకాన్ని లేపి నిలబెట్టింది కొత్త పుస్తకమే.

అంతటి విజయం అందరికీ రాదు, నిజమే. కానీ చిన్న స్థాయిలోనూ జరిగేది ఇదే. రెండో పుస్తకం నచ్చినవాళ్లు మొదటిదాన్ని వెతుక్కుంటారు. ఒక్కటే పుస్తకం ఉంటే, అది నచ్చినవాళ్లకి చదవడానికి మన దగ్గర ఇంకేం మిగలదు.

కొన్నాళ్లు ఏదీ రాయకుండా ఉండడం మూడో దారి. అలసిపోతే తప్పు లేదు. అమ్మకాలు పెరిగాకే రాస్తానని ఆగితే మాత్రం ఆ రోజు రాకనే పోవచ్చు.

నేనిప్పుడు లెక్కలు నెలకోసారే చూస్తున్నాను. పొద్దున్న మొదటి గంట కొత్త పుస్తకానిదే. ముక్కూమొహం తెలియని ఒక పాఠకురాలు, నా కథలో ఇల్లు వదిలి వెళ్లిపోయిన తమ్ముడు తర్వాత ఏమయ్యాడని ఉత్తరం రాశారు. ఇప్పుడు రాస్తున్నది ఆ తమ్ముడి గురించే.