రొమ్ములో గడ్డ: సూది పరీక్షా, ముక్క పరీక్షా, ఏది మేలు?

"ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో కణాలు తీసే పరీక్ష) చాలదా, బయాప్సీ (ముక్క తీసే పరీక్ష) ఎందుకు?" నల్గొండలో మా ల్యాబ్‌కు వచ్చేవాళ్లు వారంలో ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారు. మొన్న మా చిన్నమ్మకే ఆ అవసరం పడింది. "గడ్డను కదిలిస్తే పాకుతదంటరు గద బిడ్డా" అని వణికింది. ఆ భయంతో పరీక్ష మానుకుంటేనే నష్టమని నచ్చజెప్పి, లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీయే చేయించాను.

ఎఫ్‌ఎన్‌ఏసీ తేలిక, ఖర్చు తక్కువ, చాలాసార్లు ఒక్కరోజులో రిపోర్టు వస్తుంది. మెడ మీది గడ్డకు, థైరాయిడ్‌కు నేనూ ముందు అదే చేయించుకోమంటాను. టీబీ గడ్డలు ఎన్నో దాంతోనే బయటపడతాయి. కానీ సన్న సూదిలోకి వచ్చేవి విడి కణాలు. క్యాన్సర్ ఉందని చెప్పినా, అది పాలనాళంలోనే ఉందా, గోడ దాటిందా అన్నది వాటితో తేలదు.

కోర్ బయాప్సీలో సేమ్యా పోగుల్లాంటి ముక్కలు వస్తాయి. వాటిని మైనంలో పొదిగి బ్లాక్ చేస్తారు. మందు ఏదో తేల్చే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) పరీక్షలు ఆ బ్లాక్ మీదే. హెర్2 స్కోరు 3+ వస్తే ఆ ప్రొటీన్ మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు పనికొస్తుంది. ఎటూ తేలని 2+ దగ్గర ఆగితే అదే బ్లాక్ నుంచి ఇంకో పొర కోసి హెర్2 జన్యువును చూసే ఫిష్ పరీక్ష చేస్తారు, మనిషిని మళ్లీ గుచ్చే పని లేదు.

అయితే ఇదంతా ముక్క చెడకుండా కాపాడే ద్రవం, ఫార్మలిన్, సరిగ్గా పడితేనే. ముక్క తీసిన గంటలోపు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతలు ద్రవంలో మునగాలి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ఒకసారి ఒక నర్సింగ్‌హోమ్ వాళ్లు ముక్కను సెలైన్‌లో వేసి మర్నాడు పంపారు. స్లైడు మీద కణాల అంచులే చెదిరిపోయాయి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఆ తల్లి ఇంకో రోజు కూలి పోగొట్టుకుని మళ్లీ గుచ్చించుకుంది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చిన్నమ్మ డబ్బా మీద ముక్క తీసిన టైము నేనే రాశాను: 11.20.

రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ గురించీ అడుగుతున్నారు. రొమ్ము గడ్డ తొలి నిర్ధారణకు అది కాదు.

ముక్క తీయించడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. చికిత్సకు అక్కడి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి గానీ నిమ్స్ ఆసుపత్రికి గానీ వెళ్లేటప్పుడు స్లైడ్లతో పాటు బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. చిన్నమ్మ బ్లాక్‌ను సోమవారమే పరీక్షకు పంపాం, హెర్2 రిపోర్టు కోసం చూస్తున్నాం.