మల్టీక్యామ్ ఎడిటింగ్: ఆరేళ్లు వాడాక

చర్చా కార్యక్రమాలు, నాటకాలు, సంగీత ప్రదర్శనలు. ఆరేళ్లుగా నేను ఎడిట్ చేస్తున్నవి ఎక్కువగా ఇవే. ప్రతిదానికీ మూడో నాలుగో కెమెరాలు ఉంటాయి. మొదటి ఏడాది వాటిని టైమ్‌లైన్‌లో ఒకదానిపై ఒకటి పేర్చుకుని, పై ట్రాక్‌ను బ్లేడుతో కోసి, అక్కర్లేని ముక్క తీసేసి కింది కెమెరా కనిపించేలా చేసేదాన్ని. గంట చర్చకు రెండు రోజులు పట్టేది. మల్టీక్యామ్, అంటే కెమెరాలన్నిటినీ ఒకే క్లిప్‌గా కలిపి ప్లే చేస్తూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే పద్ధతి, చేతికి అలవాటయ్యాక అదే చర్చకు మొదటి కట్ గంటన్నరలో వచ్చేస్తోంది. ముందు ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్నాను, నాలుగేళ్లుగా డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకోదానిలో చేస్తున్నాను. పద్ధతి రెండింట్లోనూ దాదాపు ఒకటే.

క్లిప్పులన్నీ ఎంచుకుని మల్టీక్యామ్ క్లిప్ చేయమంటే, దేన్ని బట్టి కలపాలో సాఫ్ట్‌వేర్ అడుగుతుంది: ఇన్ పాయింటా (క్లిప్ మొదలు), అవుట్ పాయింటా (క్లిప్ చివర), టైమ్‌కోడా (కెమెరా ప్రతి ఫ్రేమ్‌కూ, అంటే ఒక్కో బొమ్మకూ, వేసే సమయపు నంబరు), ఆడియోనా, మార్కరా (మనం పెట్టిన గుర్తు) అని. కలిపిన క్లిప్‌ను టైమ్‌లైన్‌లో వేసి, వ్యూయర్‌ను మల్టీక్యామ్‌కు మారిస్తే కెమెరాలన్నీ పక్కపక్కన గళ్లలో కనిపిస్తాయి. ప్లే చేస్తూ 1, 2, 3 నొక్కుతుంటే కట్లు పడుతూ పోతాయి. రిజాల్వ్‌లో గడి మీద మామూలుగా క్లిక్ చేస్తే అక్కడ కట్ పడుతుంది. ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే కొత్త కట్ పడదు, ఉన్న ముక్కకే యాంగిల్, అంటే కెమెరా, మారుతుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ పనికొచ్చింది. మొదటిసారి ఎక్కడా ఆపకుండా చివరిదాకా పోతాను, తప్పు కెమెరా పడినా పట్టించుకోను. రెండోసారి ఆల్ట్ క్లిక్‌తో సర్దుకుంటూ వస్తాను. అందరూ కనిపించే వైడ్ షాట్ ఎప్పుడూ 1 మీదే ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఏం నొక్కాలో తోచనప్పుడు వేలు దానంతటదే అక్కడికి పోతుంది.

ఇంకొకటి. కంటికి తోచి వేలు నొక్కేసరికి ఐదారు ఫ్రేములు దాటిపోతాయి. నా కట్లన్నీ అంతే ఆలస్యంగా పడుతున్నాయని గమనించడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఇప్పుడు రెండోసారి చూసేటప్పుడు ప్రతి కట్‌నూ రోలింగ్ ఎడిట్‌తో (రెండు ముక్కల మధ్య హద్దును మాత్రమే జరిపే పద్ధతి) కాస్త ముందే పడేలా లాగుతాను. మాట్లాడేవాళ్లు నోరు తెరవకముందే, ఊపిరి తీసుకునే చోట కట్ పడితే చూసేవాళ్లకు అసలు కట్ ఉన్నట్టే తెలియదు.

ఇక్కడివరకూ ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకోవచ్చు. అసలు కష్టమంతా సింక్ దగ్గరుంది, అంటే క్లిప్పులన్నీ ఒకే క్షణానికి సరిపోయేలా కలపడం దగ్గర. ఆడియోతో కలపమంటే సాఫ్ట్‌వేర్ ప్రతి క్లిప్ వేవ్‌ఫామ్‌నూ (శబ్దపు హెచ్చుతగ్గుల గీత) పోల్చి, ఎక్కడ బాగా సరిపోతే అక్కడ పెడుతుంది. నూటికి తొంభై సార్లు బాగానే పెడుతుంది. కానీ అది కలిపేది శబ్దాన్ని, బొమ్మను కాదు. ఈ తేడా నాకు ఒక సంగీత ప్రదర్శనలో అర్థమైంది. స్టేజీ దగ్గర రెండు కెమెరాలు, హాలు వెనక సుమారు ముప్పై మీటర్ల దూరంలో మూడోది. వేవ్‌ఫామ్‌లు మూడూ గీత గీసినట్టు కలిశాయి. అయినా డ్రమ్స్ వచ్చిన ప్రతిచోటా మూడో కెమెరాకు కట్ చేస్తే ఏదో ఎగిరిపడినట్టుంది. ఆపి ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూశాను. దగ్గరి కెమెరాలో పుల్ల డ్రమ్ముకు తగిలిన ఫ్రేమ్‌లోనే దెబ్బ వినిపిస్తోంది. వెనక కెమెరాలో మాత్రం పుల్ల తగిలి, పైకి లేచి, రెండు ఫ్రేములు గడిచాక వినిపిస్తోంది.

కారణం చాలా చిన్నది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ముప్పై మీటర్లు దాటి ఆ కెమెరా మైకును చేరేసరికి దాదాపు 87 మిల్లీసెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లే. ఆలస్యంగా అందిన శబ్దాన్ని స్టేజీ శబ్దంతో కలపడానికి సాఫ్ట్‌వేర్ ఆ క్లిప్‌నంతా ముందే మొదలయ్యేలా జరిపింది, దాంతో బొమ్మ రెండు ఫ్రేములు ముందే వచ్చేస్తోంది. మల్టీక్యామ్ క్లిప్‌ను టైమ్‌లైన్‌లో తెరిచి ఆ ఒక్క యాంగిల్‌ను రెండు ఫ్రేములు ఆలస్యంగా వచ్చేలా జరిపాను. అప్పటికే రెండు వందలకు పైగా కట్లు పడి ఉన్నాయి. అన్నీ ఒక్కసారిగా సరైపోయాయి. పాత పద్ధతిలో అయితే ఒక్కో ముక్కనూ పట్టుకుని జరపాల్సి వచ్చేది. మల్టీక్యామ్ వదలకపోవడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు.

మొదట్లో సరిగ్గా కలిసిన సింక్ చివరిదాకా ఉంటుందనీ నమ్మకండి. విడిగా పెట్టిన ఆడియో రికార్డర్‌కూ కెమెరాకూ గడియారాలు వేరు. గంట దాటేసరికి రెండు మూడు ఫ్రేములు జారిపోవడం నేను చాలాసార్లు చూశాను, పెదవులు ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. అందుకే షూటింగ్ వాళ్లను మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి గట్టిగా చప్పట్లు కొట్టమని అడుగుతాను. చివరి చప్పట్లలో చేతులు కలిసిన ఫ్రేమూ శబ్దమూ ఒకచోట లేకపోతే, ఆ యాంగిల్ వాడని చోట చూసి మల్టీక్యామ్ లోపలే కోసి, మిగతా భాగాన్ని జరుపుతాను. ఫోన్‌తో తీసిన ఫుటేజ్ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకున్నాకే సింక్ చేస్తాను.

టైమ్‌కోడ్‌తో కలపడం అన్నిటికంటే వేగం, కానీ కెమెరాలన్నీ ఒకే సెట్టింగ్‌లో ఉంటేనే. సెకనుకు 29.97 ఫ్రేముల దగ్గర ఒకటి డ్రాప్ ఫ్రేమ్‌లో (గడియారంతో సరిపోవడానికి కొన్ని ఫ్రేమ్ నంబర్లను దాటేసే లెక్క), ఇంకొకటి ఏ నంబరూ దాటని నాన్ డ్రాప్‌లో ఉంటే గంటకు 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్ల తేడా వస్తుంది.

కెమెరాలు ఫైళ్లను ముక్కలు చేసేటప్పుడు ఒక చిక్కుంది. పాత కార్డుల ఫార్మాట్‌లో ఒక ఫైల్ 4 జీబీ దాటదు కాబట్టి పొడవైన షాట్ నాలుగైదు ఫైళ్లు అవుతుంది. ఒకసారి మూడు కెమెరాలకు నాకు తొమ్మిది యాంగిల్స్ వచ్చాయి, ప్రతి ముక్కా విడి కెమెరా అయిపోయింది. మెటాడేటాలో, అంటే ఫైల్ వివరాల్లో, కెమెరా నంబర్లు నింపి మళ్లీ చేస్తే మూడుకు వచ్చింది. ఇప్పుడు ఆ పని ముందే చేసుకుంటాను.

ప్రాక్సీ, అంటే ఎడిట్ కోసం చేసుకునే తేలికపాటి నకలు, లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. నాలుగు 4కె క్లిప్పులు ఒకేసారి ఆడాలంటే కంప్యూటర్ నాలుగింటినీ ఒకేసారి విప్పాలి. అందులోనూ కెమెరాలు ఎక్కువగా వాడే హెచ్.264 ఫార్మాట్‌లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి భారం ఎక్కువ. బొమ్మ ఆగి ఆగి ఆడితే కట్ పడే క్షణమే తప్పిపోతుంది, తర్వాత ఎంత సర్దినా ఆ లయ రాదు. ప్రోరెస్ ప్రాక్సీ గానీ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ గానీ, ఏదో ఒక ఫార్మాట్‌లో ప్రాక్సీలు తయారవమని రాత్రి పెట్టేసి పడుకుంటే పొద్దునకు సిద్ధం. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలు ఫైళ్లకు మారిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఆడియో సంగతి ఒక్క మాటలో. వీడియో మాత్రమే మారేలా పెట్టుకోండి. నా మొదటి మల్టీక్యామ్ పనిలో రెండూ మారేలా ఉంచేశాను, వైడ్‌కు పోయిన ప్రతిసారీ మాట బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఎడిట్ మొత్తానికీ ఒకే మంచి ట్రాక్ ఉండాలి, బొమ్మలే దాని మీద మారుతుండాలి.

రెండు కెమెరాలతో తీసిన రెండు నిమిషాల క్లిప్‌కు ఇదంతా గోటితో పోయేదానికి గొడ్డలి. ఒకే సన్నివేశాన్ని మళ్లీ మళ్లీ నటించి తీసిన టేకులకూ ఇది కుదరదు, ఒక టేకు వేగం ఇంకో టేకులో ఉండదు. ఆగకుండా సాగే వాటికి మాత్రం దీన్ని మించింది నాకు కనబడలేదు.

నిరుడు ఒక చర్చ ఎడిట్ చేస్తున్నాను. ఒకాయన తన చిన్నతనం గురించి చెబుతున్నారు, నేను ఆయన క్లోజప్ మీదే ఉన్నాను. మూడో గడిలో ఎదురుగా కూర్చున్నావిడ చేయి కుర్చీ అంచును పట్టుకుని నెమ్మదిగా బిగుసుకుంటోంది. మొదటిసారి చూడలేదు. రెండోసారి కూడా ఆయన ముఖం మీదే ఉండి ఉంటే ఎప్పటికీ చూసేదాన్ని కాదు, పక్కపక్కనే గళ్లున్నాయి కాబట్టి కంటపడింది. ఆల్ట్ పట్టుకుని మూడో గడి నొక్కాను. ఆయన గొంతు సాగుతుండగా ఇరవై సెకన్లపాటు ఆవిడనే ఉంచాను.